కత్తిరించిన అంచులు

పాత పత్రికల్లోని రేడియో, టీవీ కార్టూన్లని బాగుచేసి రంగులు వేస్తూ నేనొక తప్పు చేశాను. ఆ తప్పు చేయకపోతే ఆ కార్టూన్లని సరిగ్గా చూసేదాన్నే కాదేమో. అందుకే దాంతోనే మొదలుపెడుతున్నాను.

విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నకి చిన్న షెడ్డు వుండేది. 1966లో ఏర్పడిన ఆటోనగర్‌లో బాడీ బిల్డింగ్ వాళ్లు, లేత్ పనివాళ్లు, పెయింటర్లు, టైర్ల వాళ్లు వీధులు వీధులుగా వుంటారు. నాన్నది కరెంటు పని. లారీల డైనమోలు, సెల్ఫ్ మోటార్లు, హారన్లు బాగుచేసేవాడు. సాయంత్రాలు డ్రైవర్లు తెచ్చే రేడియోలు, టేప్ రికార్డర్లు విప్పేవాడు. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో అమెరికా రేడియో పత్రికలు దొరికితే కొనుక్కొచ్చేవాడు. ఇంగ్లీషు పెద్దగా రాదు గానీ సర్క్యూట్ బొమ్మ చూస్తే మొత్తం అర్థమయ్యేది. వాటితోపాటు ఆంధ్రపత్రిక, ఆంధ్రజ్యోతి వారపత్రికల పాత సంచికలు కూడా కట్టల్లో వచ్చేవి. నాన్న పోయాక షెడ్డు నాకొచ్చింది. ఇప్పుడక్కడ నేను నెంబరు ప్లేట్లు, రేడియం స్టిక్కర్లు, ఫ్లెక్సీలు డిజైన్ చేస్తున్నాను. కట్టలు మాత్రం అటక మీదే వుండిపోయాయి.

పాత రేడియో, టీవీ కార్టూన్లతో చిన్న ప్రదర్శన పెడదామని కొందరు మిత్రులు అనుకున్నారు. "నీ దగ్గర కట్టలున్నాయి, కంప్యూటరూ వుంది. శుభ్రం చేసి రంగులు వేసి పెట్టు" అన్నారు. సంతోషంగా ఒప్పుకున్నాను.

పని ఎలా చేస్తారో కొంచెం చెప్పాలి. పత్రికల చవక కాగితంలో కలప గుజ్జు వుంటుంది కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కి, పెళుసై, ముట్టుకుంటే విరుగుతుంది. స్కాన్ చేసేటప్పుడు వెనక పేజీ అక్షరాలు ఈ పేజీలోకి తొంగిచూడకుండా కాగితం వెనక నల్ల అట్ట పెట్టాలి. ఆ తర్వాత కాగితం పసుపుని తీసేసి, సిరా నలుపుని నిలబెట్టాలి. మచ్చలు, మడతలు, స్టేపుల్ తుప్పు ఒక్కొక్కటే తుడవాలి. గీతని విడిగా ఒక పొరలో పెట్టి, దానికింద ఇంకో పొరలో రంగు నింపాలి. రంగు గీతని మింగేయకూడదు. ఇదే మాట మా వీధిలో లారీల వెనక చిలకలు, తామరపూలు వేసే పెయింటరు నాకు చిన్నప్పుడు చెప్పాడు. కంప్యూటరు వచ్చినా సూత్రం మారలేదు.

బైండు చేసిన పేజీలు స్కానర్ అద్దం మీద చదునుగా కూర్చోవు. అంచులు చిరిగిపోయి, పెన్సిలు గీతలతో, గోధుమరంగు మరకలతో అసహ్యంగా వున్నాయి. స్టిక్కర్లు కోసే బ్లేడు చేతిలోనే వుంది. అంచులు కత్తిరించేశాను. పదకొండు పేజీలు అలా చేశాక, మిగిలినవి ఇంటికి తీసుకెళ్లి అమ్మకి చూపించాను.

అమ్మ కార్టూన్ చూళ్లేదు. కళ్లజోడు సరిచేసుకుని అంచు చూసింది. "ఇవి నా లెక్కలే" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆర్మేచర్లు చుట్టింది నాన్న కాదు, అమ్మ. నాన్న షెడ్డులో డైనమో విప్పి, కాలిపోయిన ఆర్మేచర్‌ని సంచీలో వేసుకుని ఇంటికి తెచ్చేవాడు. అమ్మ పొయ్యిమీద అన్నం పెట్టి, వరండాలో కూర్చుని పాత తీగ ఊడదీసేది. గాడుల్లో కొత్త కాగితం దూర్చి, ఎనామిల్ తీగ చుట్టేది. ఎన్ని చుట్లు వున్నాయో విప్పేటప్పుడే లెక్కపెట్టాలి. మళ్లీ అన్నే చుట్లు వేయాలి. మధ్యలో ఎవరో పిలుస్తారు, పిల్ల ఏడుస్తుంది, అన్నం పొంగుతుంది. లెక్క తప్పకుండా చేతికందిన పత్రిక అంచు మీద నాలుగు నిలువు గీతలు, వాటిమీద ఒక అడ్డగీత. పక్కన తీగ గేజి. గోధుమరంగు మరక ఆర్మేచర్‌కి పోసే వార్నిష్ది. ఆ వార్నిష్‌లో ఒకచోట బొటనవేలి ముద్ర కూడా వుంది.

షెడ్డు బోర్డు మీద నాన్న పేరే వుండేది. రివైండింగ్ డబ్బులు నాన్న చేతికే వచ్చేవి. చుట్టుపక్కల ఎవరైనా అడిగితే "మా ఆవిడ ఖాళీగా వున్నప్పుడు కాస్త సాయం చేస్తది" అనేవాడు. చెడ్డవాడు కాదు. అలా అనడంలో తప్పుందని ఆయనకి తెలీదు. మాకూ తెలీదు. అమ్మ పని చేసినట్టు కాగితం మీద ఆధారం ఏదైనా వుందీ అంటే ఆ అంచులే. వాటిల్లో పదకొండింటిని మురికి అనుకుని నా చేత్తో చెత్తబుట్టలో వేశాను.

ఆ తర్వాత కార్టూన్లని మళ్లీ మొదట్నించీ చూశాను.

అమెరికా పత్రికల్లో బొమ్మ దాదాపు ఒక్కటే. ఇంటికింద గదిలో బల్లనిండా తీగలు, వాల్వులు. మొగుడు సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని వొంగి వుంటాడు. మెట్లమీద భార్య ఏప్రన్‌తో నిలబడి భోజనం చల్లారిపోతోందనో, పక్కింటివాళ్లకి టీవీ రావడంలేదనో చెబుతుంటుంది. 1929లో మొదలైన రేడియో క్రాఫ్ట్, 1954లో వచ్చిన పాపులర్ ఎలక్ట్రానిక్స్ లాంటి పత్రికలు ప్రధానంగా ఆ గదిలో కూర్చున్న మగవాడి కోసమే తయారయ్యేవి. నవ్వేవాడు అతను, నవ్వులపాలయ్యేది ఆమె. అతన్ని కూడా పిచ్చివాడిగా చూపిస్తారు, నిజమే. కానీ ఆ పిచ్చి జ్ఞానం వున్నవాడి పిచ్చి. ఆమెది తెలియనితనం. ఈ రెండు నవ్వులూ ఒకటి కాదు.

మన పత్రికల్లో గది మారింది, వరస మారలేదు. విజయవాడలో ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. రేడియోకి పోస్టాఫీసులో లైసెన్సు కట్టే రోజులు 1980ల దాకా నడిచాయి. ఆ కాలపు మన కార్టూన్లలో రేడియో ముందు పడక్కుర్చీ, కుర్చీలో మొగుడు, వెనక గరిటతోనో అప్పడాల కర్రతోనో భార్య. నా కట్టలో అట్ట, సంతకం చిరిగిపోయిన ఒక పేజీ వుంది. రేడియోకి మీట వుంది, నీకు లేదు అని మొగుడు భార్యతో అంటుంటాడు. ఈ జోకు పేర్లు మార్చుకుని ఎన్నిసార్లు అచ్చయిందో! ఆడదాని మాటని ఆపలేని మోతగా, యంత్రం మాటని వినదగ్గ విషయంగా చూపించడమే దాని కిటుకు. ఇంట్లో ఆ రేడియోలో ఏ కార్యక్రమం వినాలో ఎవరు నిర్ణయించారు అన్న ప్రశ్న అందులోకి రానే రాదు.

నవ్వుకోలేదా అంటే నవ్వుకున్నాను. మన కార్టూనిస్టుల గీత గొప్పది. రెండు వంపుల్లో ఒక మనిషి వొళ్లంతా తెచ్చిపెట్టగలరు. కానీ ఆ గీతల వెనక చూపు మాత్రం దాదాపుగా మగచూపే. వాళ్ల మధ్య విశాఖపట్నం నుంచి రాగతి పండరి ఒక్కరే ఏళ్లతరబడి కార్టూన్లు గీశారు. పోలియో వచ్చిన శరీరంతో, 2015లో పోయేదాకా ఆ పని వదల్లేదు. తెలుగు కార్టూన్ అనగానే నోటికొచ్చే మగ పేర్లు ఎన్నో, ఆడపేరు ఆమె ఒక్కరిదే. ఆ ఒక్క పేరే మనకి చాలా చెబుతుంది.

ఇక రంగుల సంగతి. నలుపు తెలుపు కార్టూన్‌లో మనిషి వొంటిరంగు కాగితం రంగే. అందరికీ ఒకటే. రంగు వేయడం మొదలుపెట్టగానే ఎవరు నలుపు, ఎవరు చామనఛాయ, ఎవరు తెలుపు అని నిర్ణయించాల్సింది నేను. గీసినవాడు చెప్పని మాటని నేను చెబుతున్నాను. తొందరలో ఒక పేజీని, దానంతటదే రంగులు వేసే సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చి చూశాను. మొగుడికి గోధుమరంగు వేసింది, భార్యకి పాలరంగు వేసింది. పనిమనిషిని ఇద్దరికంటే నల్లగా చేసింది. దానికి ఎవరూ ఆ మాట చెప్పలేదు. వేల బొమ్మలు చూసి నేర్చుకుంది. పెళ్లిచూపుల్లో మనవాళ్లు నేర్చుకున్నట్టే.

అసలు బొమ్మల్ని కంప్యూటరు మీద శుభ్రం చేసే విద్యకి కొలబద్దగా వాడిన బొమ్మ ఏమిటో తెలుసా? 1973లో అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పరిశోధకులు స్కానింగ్ పరీక్ష కోసం ఒక ఫోటో వెతుక్కున్నారు. 1972 నవంబరు ప్లేబోయ్ పత్రిక నడిమి పేజీలోని మోడల్ నగ్నచిత్రం దొరికింది. భుజాలదాకా తీసుకున్నారు. 'లెనా' పేరుతో అది దశాబ్దాలపాటు ప్రపంచమంతా విద్యార్థుల ముందు తిరిగింది. మచ్చలు తీయడం, ఫైలు సైజు తగ్గించడం, అంచులు గుర్తించడం లాంటి పద్ధతులెన్నిటినో ఆమె ముఖం మీదే పరీక్షించారు. ఆ బొమ్మ వున్న పేపర్లని తమ పత్రికల్లో తీసుకోమని ఐఈఈఈ కంప్యూటర్ సొసైటీ చెప్పడానికి 2024 ఏప్రిల్ దాకా పట్టింది. నేను రోజూ నొక్కే బటన్ల వెనక ఇంత చరిత్ర వుందని తెలిశాక బ్లేడే కాదు, మౌస్ కూడా జాగ్రత్తగా పట్టుకోవాలనిపించింది.

ఎలక్ట్రానిక్స్‌లో రంగులకీ ఆడవాళ్లకీ ఇంకో లంకె వుంది. రెసిస్టర్ విలువని దానిమీది రంగు చారలు చెబుతాయి. నలుపు సున్నా, గోధుమ ఒకటి, ఎరుపు రెండు, అలా తెలుపు తొమ్మిది దాకా. ఈ వరస గుర్తుండటానికి మన పాలిటెక్నిక్‌లలో ఒక ఇంగ్లీషు వాక్యం చెప్పేవాళ్లు. గ్రేట్ బ్రిటన్‌లోని బీబీ రాయ్ అనే ఆయనకి చాలా మంచి భార్య వుందట. అందులో చివరి మాట 'వైఫ్', అంటే తెలుపు. మంచి భార్య అక్కడ కూడా తెల్లగా, చివర్న, తొమ్మిదో అంకెగా నిలబడి వుంది. ఇది మర్యాదస్తుల వాక్యం. ఇంగ్లీషు దేశాల్లో తరాలపాటు నడిచిన మరో వాక్యంలో అమ్మాయిల మీద అత్యాచారమే గుర్తుపెట్టుకునే సూత్రం. ఆ క్లాసులో కూర్చున్న ఒకరిద్దరు ఆడపిల్లలు తలవొంచుకుని ఆ సూత్రాన్నే బట్టీపట్టి వుంటారు. పరీక్ష పాసవ్వాలి కదా!

నా సంగతీ చెప్పాలి. ఒక కార్టూన్‌లో విప్పిన రేడియో పక్కన చిన్న రెసిస్టర్ వుంది. దానికి పసుపు, వంగపండు, ఎరుపు చారలు వేశాను. నాలుగువేల ఏడువందల ఓములు, సరైన విలువ. నాన్న చూస్తే మెచ్చుకునేవాడని మురిసిపోయాను. మధ్యాహ్నమంతా దానికే పట్టింది. అదే బొమ్మలో భార్య చీరకి ఎరుపు, జరీ అంచు వేయడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ పేజీ చూసి అమ్మ రెండు మాటలంది. "వంట చేసేటప్పుడు అంత కొత్త చీర ఎవరు కట్టుకుంటారే?" అనేది మొదటిది. రెండోది మొగుడి చెయ్యి చూసి అంది. "ఆ కాడ అట్టా పట్టుకుంటే వేళ్లు కాలుద్ది. వీడెప్పుడూ పని చెయ్యలేదు." ఇద్దరం పడీపడీ నవ్వాం. ఆ కార్టూన్ చూసి నేను మనసారా నవ్వింది అప్పుడే. యాభై ఏళ్లుగా ఆ బొమ్మ ఆమెని తెలియనిదానిగా చూపిస్తోంది. ఆమె మాత్రం పని తెలిసిన మనిషిగా ఆ బొమ్మ తప్పు పట్టింది.

అంచులు కత్తిరించింది నేనొక్కదాన్నే కాదు. 1946లో అమెరికా సైన్యం ఎనియాక్ అనే కంప్యూటర్‌ని లోకానికి చూపించింది. దాని ప్రోగ్రాములు తయారుచేసింది ఆరుగురు స్త్రీలు. ఆ గది ఫోటోని సైన్యం తన ప్రకటనకి వాడుకున్నప్పుడు, ముందు నిలబడ్డ సైనికుణ్ణి వుంచి పక్కల కత్తిరించారు. ఆ కత్తిరింపులో పోయింది ఆడవాళ్లే. 1980లలో క్యాథీ క్లైమన్ అనే విద్యార్థిని పాత ఫోటోల్లో కనిపించిన స్త్రీలెవరని అడిగితే, యంత్రం అందంగా కనిపించడానికి నిలబెట్టిన మోడళ్లు అని జవాబు వచ్చింది. ఆమె నమ్మలేదు, వెతికింది. అలా ఆ ఆరుగురి పేర్లు బయటికొచ్చాయి.

మన దగ్గరి కథ ఇంకా దగ్గరిది. అయ్యలసోమయాజుల లలిత మద్రాసులోని తెలుగు కుటుంబంలో 1919లో పుట్టారు. చిన్న వయసులో పెళ్లయి, పద్దెనిమిదేళ్లకే భర్త పోయి, చంటిబిడ్డతో మిగిలారు. ఆ తర్వాత గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చేరి ఎలక్ట్రికల్ ఇంజనీరు అయ్యారు. దేశంలో మొదటి మహిళా ఇంజనీర్లలో ఆమె ఒకరు. అప్పటిదాకా కాలేజీ పట్టాల్లో 'అతడు' అనే అచ్చు వుండేది. లలిత పట్టాలో ఆ మాట కొట్టేసి 'ఆమె' అని రాయాల్సి వచ్చింది.

ఆ పట్టాని నాలాంటి వాళ్ల చేతికిచ్చి, శుభ్రం చేసి పెట్టమన్నారనుకోండి. కొట్టివేత అసహ్యంగా వుందని చెరిపేసి, చక్కని అక్షరాలతో 'ఆమె' అని పెట్టేవాళ్లం. చూడటానికి బాగుంటుంది. కానీ అప్పుడు ఆ కాలేజీ మొదట్నించీ ఆడవాళ్ల కోసమే తలుపులు తెరిచి కూర్చుందని అబద్ధం చెప్పినట్టు అవుతుంది. చరిత్ర వున్నది ఆ కొట్టివేతలోనే. కొన్ని మరకల్ని తుడిస్తే పోయేది మురికి కాదు, సాక్ష్యం.

రంగులు వేయడమే వద్దని నేననడం లేదు. 'మాయాబజార్' 1957లో వచ్చింది. 2010లో దాన్ని రంగుల్లోకి మార్చి మళ్లీ విడుదల చేస్తే కొత్త తరం పిల్లలు హాల్లో కూర్చుని చూశారు. అందులో ప్రియదర్శిని పెట్టె తెరిస్తే శశిరేఖకి అభిమన్యుడు కనిపిస్తాడు. మన దేశంలో టెలివిజన్ ఢిల్లీలో ప్రయోగంగా మొదలైంది 1959లో. హైదరాబాద్ దూరదర్శన్ వచ్చింది 1977లో. అంటే టీవీలాంటి పెట్టెని తెలుగువాళ్లు ముందుగా చూసింది ఒక ఆడపిల్ల ఒళ్లో. తన ఇష్టాన్ని చూసుకోవడానికి ఆమే దాన్ని తెరిచింది. తర్వాత వచ్చిన కార్టూన్లలో ఆ పెట్టె ఎక్కువగా మొగుడిదైపోయి, ఆమె దానికి అడ్డొచ్చే మనిషైపోయింది. రంగుల ప్రింటు మళ్లీ రాకపోతే ఈ తేడా నాకు తట్టేది కాదు. రంగు పాతదాన్ని చూడమని పిలుస్తుంది, అదే దాని మేలు. నలుపు తెలుపు ప్రింటుని కూడా దాచుకున్నంతకాలం ఆ పిలుపులో తప్పులేదు.

హక్కుల ప్రశ్న కూడా వుంది. మన చట్టం ప్రకారం కళాకారులు పోయిన తర్వాత 60 ఏళ్లదాకా వాళ్ల బొమ్మల మీద హక్కు వుంటుంది. తెలుగులో తొలి కార్టూనిస్టుగా చెప్పుకునే తలిశెట్టి రామారావు 1947లో పోయారు, ఆయన బొమ్మలు ఇప్పుడు అందరివీ. బాపు పోయింది 2014లో. ఆయన గీతకి రంగు పూయాలంటే వారసుల్ని అడగాలి. గీసినవాళ్ల హక్కుకి ఇలా చట్టం వుంది, వుండాలి కూడా. ఆ పేజీ అంచున లెక్కలు వేసుకున్న మనిషి హక్కుకి ఏ చట్టమూ లేదు. అది మన బాధ్యత మీదే ఆధారపడి వుంది.

కొందరు మిత్రులు ఇంకో సలహా ఇచ్చారు. కార్టూన్‌లో భార్య చేతిలో గరిట తీసేసి స్క్రూడ్రైవర్ పెట్టమన్నారు. మనసుకి ఆశగానే వుంది గానీ పెట్టలేదు. అలా చేస్తే ఆనాటి మగచూపుని క్షమించి వదిలేసినట్టవుతుంది. గరిట అక్కడే వుండాలి. దానిపక్కన అమ్మ లెక్కలూ వుండాలి. బొమ్మ ఏం చెప్పిందో, ఆ బొమ్మ అచ్చయిన కాగితం మీదే నిజంగా ఏం జరిగిందో రెండూ ఒకేసారి కనిపించాలి.

ప్రదర్శనకి చివరికి అలాగే చేశాను. ఒక్కో కార్టూన్‌ని రెండుసార్లు పెట్టాను. ఒకటి రంగులు వేసింది, రెండోది మరకలతో, అంచులతో వున్నది వున్నట్టు. అంచులు కత్తిరించిన పదకొండింటి చుట్టూ ఖాళీ వదిలి, "ఇక్కడ ఆర్మేచర్ చుట్ల లెక్క వుండేది, నేను కత్తిరించేశాను" అని రాశాను. ఎర్ర చీరని తీసేసి, అమ్మ వరండాలో కూర్చున్నప్పుడు కట్టుకునే వెలిసిన ఆకుపచ్చ నేతచీర రంగు వేశాను.

పోయిన లెక్కలు ఏమైనా గుర్తున్నాయా అని అమ్మని అడిగాను. "ఎవరికి గుర్తుంటయ్యే? బండి తిరిగింది కదా, చాలు" అంది. నాకు చాలదు.

మీ అటకల మీద కూడా పాత వారపత్రికలు వుండే వుంటాయి. వాటిలో చాకలి పద్దులు, పాల లెక్కలు, కుట్టుకొలతలు, పిల్లల జ్వరం వేళలు, ఎవరో రాసుకుని కొట్టేసుకున్న వాక్యాలు వుంటాయి. కార్టూన్ బాగుందని కత్తిరించి దాచుకునే ముందు పేజీ మొత్తం ఒకసారి చూడండి. ఆ చేతిరాత ఎవరిదో ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. చెప్పగలిగినవాళ్లు వుండగానే అడగండి.